వేళ్ళు కడిగిన నలభై నిమిషాలు

ఉయ్యూరు,
జూన్ 9.

మాధురికి,

నువ్వు కులాసాగా ఉన్నావని మీ నాన్న చెప్పాడు కాబట్టి ఆ మాట అడగను. నేను కులాసాగా లేను. అది నీకెవరూ చెప్పి ఉండరు, అందుకే రాస్తున్నాను.

ఈ రోజుల్లో ఉత్తరమేమిటి, ఫోన్ చేయొచ్చుగా అనుకుంటావు. నా నంబరు ఎవరో లోకానికంతటికీ పంచిపెట్టారు. పోలింగ్ మర్నాటి నుంచి రోజుకి నాలుగైదు వందల మంది చేశారు. సగం మంది తిట్టారు. మిగతావాళ్ళు ఎత్తింది నేనేనని తెలుసుకుని పెట్టేశారు. అనంతపురం నుంచి ఒకాయన, తిట్టడం పూర్తయ్యాక, పెడన వైపు అద్దకం చీరలు టోకున ఎవరిస్తారండీ అని అడిగాడు. ఇద్దరి పేర్లు చెప్పాను. ఆ తర్వాత ఫోన్ కట్టేసి బియ్యం డబ్బాలో పెట్టాను.

జరిగింది ఇది. పోలింగ్‌కి నన్ను మీ అద్దకాలపాలెంలో ప్రిసైడింగ్ ఆఫీసరుగా వేశారు. పన్నెండేళ్ళ కింద నీకు సాంఘికం చెప్పిన బడే, ఆ గదే. భోజనాల వేళ అద్దకం షెడ్ల నుంచి పనివాళ్ళంతా ఒక్కసారిగా వచ్చారు. వాళ్ళ చేతులెలా ఉంటాయో నీకు చెప్పక్కర్లేదు. పొద్దుటినుంచి కరక్కాయ నీళ్ళలో బట్ట ముంచిన చెయ్యి, తుప్పు ఇనుమూ బెల్లమూ ఊరేసిన నీళ్ళు తగలగానే నల్లబడిపోతుంది. ఒక ఏజెంటు లేచి, వీళ్ళ వేళ్ళకి ముందే సిరా ఉంది, ఒకసారి ఓటేసే వచ్చారన్నాడు. పది వేళ్ళకీ సిరా ఎవరూ పెట్టరు కదా అన్నాను. పది ఓట్లు వేసి ఉండొచ్చన్నాడు.

కడిగించి చూద్దాం, రంగయితే పోతుంది, సిరా అయితే పోదని ఇంకో ఏజెంటు తీర్పు చెప్పాడు. రెండూ పోవని నాకు తెలుసు. అయినా గొడవ సద్దుమణుగుతుందని ఒప్పుకున్నాను. నా తప్పు అదొక్కటే. పోలింగ్ ఆపి, బడి వెనక పంపు దగ్గర ముప్ఫై ఒక్క మందిని వరసలో నిలబెట్టి, సబ్బిచ్చి, నలభై నిమిషాలు కడిగించాను. ఎవరిదీ పోలేదు. చివరికి సిరా పెట్టే డయానా, మా బళ్ళో కొత్తగా చేరిన టీచరు, వేలి మీద రంగు లేని చోటు దాకా గీత పొడిగించి గీసింది. అందరూ ఓటేశారు. జరిగిందంతా పోలింగ్ డైరీలో రాసి సంతకం పెట్టాను.

గోడ అవతలి నుంచి ఎవరో ఆ వరసని వీడియో తీశారు. సబ్బు పట్టుకుని నేను, "బాగా రుద్దండి" అంటున్నాను. రెండోసారి ఓటేయించడానికి సిరా చెరిపిస్తున్నానని అది ఊరేగింది. సాయంత్రానికి దానికొక పేరు కూడా వచ్చింది, ముందు కిటికీ ఊచల్లాంటి గుర్తు పెట్టి: #వేళ్ళుకడుగు. మూడో రోజున నన్ను సస్పెండ్ చేశారు.

నవంబరు 30కి నా సర్వీసు పూర్తి. ఆలోగా విచారణ తేలకపోతే ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి గేటు బయటి నుంచే రిటైరవుతాను. నాకు కావలసింది పెద్దదేమీ కాదు. మచ్చ లేకుండా బళ్ళోకి వెళ్ళి, నా క్లాసు నేను ముగించుకుని బయటికి రావాలి.

నువ్వు గవర్నర్‌పేటలో ఏదో కంప్యూటర్ కంపెనీలో చేస్తున్నావట. ఈ హ్యాష్‌ట్యాగ్ అనేది ఎక్కడ పుడుతుంది, ఎలా పెరుగుతుంది, ఎలా చస్తుంది, తెలిసినంత రాయి. పాయింట్ల వారీగా అక్కర్లేదు.

ఫక్రున్నీసా


గవర్నర్‌పేట, విజయవాడ,
జూన్ 18.

గౌరవనీయులైన టీచర్ గారికి మాధురి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. కవరు మీద మీ దస్తూరీ చూడగానే లేచి నిలబడ్డాను. పక్క సీటు అమ్మాయి ఏమైందని అడిగితే ఏమీ లేదని కూర్చున్నాను.

మీకిలా జరగడం చాలా బాధగా ఉందండీ. నా పని వేరే. కానీ ఇలాంటి పని చేసేవాళ్ళు మా బిల్డింగులోనే పై అంతస్తులో ఉంటారు కాబట్టి కొంత తెలుసు.

హ్యాష్‌ట్యాగ్ జనంలో పుట్టదండీ. ఒక గదిలో పుడుతుంది. ఆ గది ఏ టోకు బట్టల కొట్టు పైనో ఉంటుంది. పదకొండు మంది ఉన్నారనుకోండి, ఒక్కొక్కరికీ ముప్ఫై ఖాతాలు. ఒకటి రైతు, ఒకటి గృహిణి, ఒకటి రిటైరైన సైనికుడు, రెండు మూడు దేవుడి ఫొటోలవి. ఒకరు ఆ రెండు మాటలూ తయారుచేసి, వాటి చుట్టూ నలభై వాక్యాలు రాసి ఫైల్లో పెడతారు. ఫలానా టైముకని చెబుతారు. అందరూ ఒకేసారి వదులుతారు. గంటలో కొన్ని వేలు దాటితే ట్రెండింగ్ అని పైన కనబడుతుంది. అక్కడి నుంచి ఆ గదివాళ్ళు టీకి వెళ్ళొచ్చు. నిజంగా కోపం వచ్చిన జనం మిగతా పని చూసుకుంటారు.

తర్వాత అవతలి పార్టీవాళ్ళు అది అబద్ధమని చెప్పడానికి వస్తారు. అలా చెప్పాలన్నా అదే హ్యాష్‌ట్యాగ్ తగిలించాలి, లేకపోతే ఎవరికీ కనబడదు. అవీ లెక్కలో కలుస్తాయి. ఆ తర్వాత హీరోల అభిమానులు వస్తారు. వాళ్ళకి ఓట్లతో పనిలేదు, ఏది పైనుంటే దాన్ని తమ హీరో పుట్టినరోజు ఫొటో కింద అతికించుకుంటారు.

మామూలుగా దానికి ఆరు గంటల ఆయుష్షు. మర్నాటికి ఇంకోటి వస్తుంది. మీదీ ఈపాటికి పోయి ఉండాలి. కొద్ది రోజులు ఓపిక పట్టండి, నంబరు మార్చుకోండి.

నాన్న మీకెక్కడ కలిశాడండీ? నాతో చెప్పలేదు.

మీ విద్యార్థిని,
మాధురి


ఉయ్యూరు,
జులై 3.

మాధురికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. విని రాసినట్టు లేదు, చూసి రాసినట్టుంది. బాగా రాశావు.

పోయి ఉండాలన్నావు. పోలేదు. పక్కింటి అమలమ్మ రోజూ తన ఫోన్లో చూసి గోడ మీంచి అంకె చెబుతోంది, క్రికెట్ స్కోరు చెప్పినట్టు. నిన్నటికి రెండు లక్షల అరవై వేలు. ఫలితాలొచ్చి నెలైంది. ఓట్లు లెక్కపెట్టడం అయిపోయింది, ప్రమాణస్వీకారాలు అయిపోయాయి, నా పంపు దగ్గర మాత్రం ఇంకా జనం నిలబడే ఉన్నారు. గన్నవరంలో ఎవరో బిర్యానీ హోటలువాళ్ళు "వేళ్ళు కడుగు, వచ్చి కూర్చో" అని బోర్డు పెట్టి, పక్కన నా కార్టూన్ వేయించారట. ముక్కు బాగా కుదిరిందని అమలమ్మ అంది.

మీ నాన్న బస్టాండులో కలిశాడు.

నీకు రెండు ప్రశ్నలు. ఆ నలభై వాక్యాలు రాసే మనిషి ముందు వీడియో చూస్తుందా? చూస్తే, అందులో ఉన్నది మనుషులని గుర్తుపడుతుందా? నీకు వీలున్నప్పుడు రాయి. బాధగా ఉందన్నావు, సంతోషం.

ఫక్రున్నీసా


గవర్నర్‌పేట,
జులై 22.

టీచర్ గారికి నమస్కారాలు.

ఆలస్యానికి క్షమించండి. ఆఫీసులో పని ఎక్కువగా ఉంది.

చూస్తారండీ. కానీ సౌండ్ కట్టేసి చూస్తారు. అది ఇరవై రెండు సెకన్ల వీడియో. టైము ఉండదు. ఎవరి మొహమూ సరిగ్గా కనబడదు, ముఖ్యంగా మూడో ఆయన పక్కకి తిరిగిపోయి ఉన్నారు. కాబట్టి గుర్తుపట్టడం కష్టమేనండీ.

మీ తరఫున నేను ఏడు ఫిర్యాదులు పెట్టాను. ఫారం నింపాలి. ఇది మీకెందుకు నచ్చలేదు అని అడిగి ఐదు కారణాలిస్తారు. హింస, అశ్లీలం, మోసం, స్పామ్, నాకు ఆసక్తి లేదు. అబద్ధం అన్నది అందులో లేదు. మొదటి ఆరుసార్లు మోసం అని పెట్టాను. మా నిబంధనలకు విరుద్ధంగా లేదని జవాబొచ్చింది. ఏడోసారి ఆసక్తి లేదని పెట్టాను. ఇకమీదట మీకు చూపించం అన్నారు. నా ఒక్కదానికే చూపించడం మానేశారు.

ఆ హ్యాష్‌ట్యాగ్ దేశంలో మూడో స్థానానికి వెళ్ళిందని మే నెలలో పై అంతస్తువాళ్ళు కేకు కోశారు. మాకూ ఒక్కో ముక్క పంపారు. వద్దంటే బాగుండదని తిన్నాను. ఇది మీకెందుకు రాస్తున్నానో తెలియదు.

ఆ వరసలో నిలబడ్డవాళ్ళని కూడా విచారణకి పిలుస్తారాండీ?

మాధురి


ఉయ్యూరు,
అక్టోబరు 18.

మాధురికి,

మూడు నెలలైంది. నువ్వూ రాయలేదు, నేనూ రాయలేదు. ఈలోగా జరిగినవి చెబుతాను.

నీ ఆరు గంటల లెక్క ఎక్కడో తప్పింది. వానలకి ఊళ్ళు మునిగినప్పుడు ఏ వీధిలో పాలప్యాకెట్లు ఇస్తున్నారో చెప్పడానికి కూడా జనం #వేళ్ళుకడుగు తగిలించారట, ఎక్కువమంది కంట పడుతుందని. ఈ ఐదు నెలల్లో దానివల్ల నాకు కలిగిన సంతోషం అదొక్కటే. మొన్న పదిహేనో తారీఖు చేతులు కడుక్కునే దినోత్సవం. పిల్లలు భోజనానికి ముందు చేతులు కడుగుతున్న ఫొటోలు ప్రతి బడివాళ్ళూ పెట్టారు. మా బడివాళ్ళూ పెట్టారు. కింద అదే. డయానా వచ్చి చెప్పి ఏడ్చింది. ఫొటోలో పిల్లలు బాగా పడ్డారా అని అడిగాను. పడ్డారంది.

బందరులో విచారణ మొదలైంది. విచారణాధికారి పేరు వెంకటకృష్ణారావు గారు. మర్యాదస్తుడు, కుర్చీ వేయించాడు. నా మీద సాక్ష్యం కింద ఆ హ్యాష్‌ట్యాగ్‌తో వచ్చినవన్నీ ప్రింటు తీయించాడు. నాలుగు వందల పన్నెండు కాగితాలు. ప్రతి కాగితం కిందా "చూశాను" అని నా సంతకం పెట్టించాడు. నూట ఆరో పేజీలో పులిహోర చేసే విధానం ఉంది. దాని కిందా పెట్టాను.

"నా డైరీ చూడండి సార్," అన్నాను.

"డైరీ మీరు రాసుకున్నదే కదమ్మా," అన్నాడు. "ఇవి చూడండి, మూడు లక్షల మంది. ఇంతమందికీ మీ మీద పనిగట్టుకుని కోపం ఎందుకుంటుంది?"

సంతకాలు ముగించి ఇంటికొచ్చాను. ఇంతమంది చెబుతుంటే నిజంగానే నేనేమైనా చేశానా అని ఆ పంపు దగ్గర నిమిషాలన్నీ మళ్ళీ లెక్కపెట్టుకున్నాను. అంతవరకూ వచ్చాను, చూడు.

వచ్చే వాయిదా నవంబరు 11. షెడ్డు పనివాళ్ళని నలుగురైదుగురిని పిలిచారు. మీ నాన్న పేరుంది.

ఫక్రున్నీసా


గవర్నర్‌పేట,
అక్టోబరు 25.

టీచర్ గారూ,

ఆ గది మాదే. పై అంతస్తంటూ ఏమీ లేదు. ఆ రెండు మాటలూ నేనే తయారుచేశాను. నలభై వాక్యాలూ నేనే రాశాను. క్షమించండి.

పోలింగ్ రోజు నాలుగింటికి నాలుగు నిమిషాల ముందు మా టీం లీడరు తేజేశ్వర్ ఆ వీడియో తెచ్చి, పది నిమిషాల్లో ఏదో ఒకటి కావాలన్నాడు. సౌండ్ కట్టేసి చూస్తారని మీకు రాశాను. నేను సౌండ్ పెట్టుకునే చూశాను. మొదటి మాటకే మీ గొంతు పట్టాను. వరసలో మూడో మనిషి మా నాన్న. మొహం తిప్పుకున్నాడు కానీ చేతులు కనబడుతున్నాయి. ఆ చేతులతోనే నాకు అన్నం కలిపి పెట్టేవాడు. అన్నానికి రంగు అంటదేమిటా అని చిన్నప్పుడు ముద్ద ముద్దా చూసుకునేదాన్ని.

"ఏంటి ఆ నలుపు, సిరానే కదా?" అన్నాడు తేజేశ్వర్. నేను తల ఊపాను. అద్దకం రంగండీ అని ఒక్క మాట అంటే అక్కడితో పోయేది. అప్పటికి ఏడాదిగా నేను రాసిందేదీ పైకి రాలేదు. నన్ను తీసేస్తారని అనుకుంటున్నారు. ఇది వస్తుందని చూడగానే తెలిసిపోయింది. అందుకని అనలేదు. ఇంతకంటే మంచి కారణం ఉంటుందేమోనని ఐదు నెలలు వెతికాను, దొరకలేదు. క్షమించండి.

మీ నంబరు మేము పెట్టలేదండీ. కానీ ఎవరో పెట్టాక చూసి ఊరుకున్నాం.

నాలుగున్నరకి నాన్నకి ఫోన్ చేసి, వారం రోజులు షెడ్డుకి వెళ్ళొద్దు, ఆ గళ్ళచొక్కా వేసుకోవద్దు అన్నాను. ఎందుకని అడగలేదు. మిమ్మల్ని గుర్తుపట్టి కూడా మీ గురించి ఒక్క ఫోన్ చేయలేదు నేను. మీ మొదటి ఉత్తరం వచ్చినప్పుడు మీకు తెలియదు కదా అని ఊపిరి పీల్చుకున్నాను. క్షమించండి టీచర్. ఏం చేయమంటే అది చేస్తాను. క్షమించండి.

మాధురి


ఉయ్యూరు,
అక్టోబరు 30.

మాధురికి,

నాకు తెలుసు. పోలింగ్ మర్నాడే తెలుసు. మీ నాన్న బస్టాండులో కలవలేదు. రెండు బస్సులు మారి మా ఇంటికే వచ్చాడు. గుమ్మంలో నిలబడి, "మా అమ్మాయి నిన్న సాయంత్రం చొక్కా మార్చుకోమందండీ. అప్పటికి ఆ బొమ్మ మా ఊళ్ళోనే ఎవరూ చూళ్ళేదు. దానికంత తొందరగా ఎట్లా తెలిసిందండీ?" అన్నాడు. నన్నడగడం లేదు, తనకి తెలిసిపోయిందని చెబుతున్నాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. నిన్నేమీ అననని నా దగ్గర మాట తీసుకుని వెళ్ళాడు.

తెలిసి ఎందుకడిగారంటావు. ముప్ఫై నాలుగేళ్ళూ నేను తెలిసిన ప్రశ్నలే అడిగాను. జూన్‌లో చెబుతావనుకున్నాను. పై అంతస్తు అని రాశావు. అయినా జులైలో ఇంకోసారి అడిగాను.

నాకు నీ మీద చాలా కోపంగా ఉంది. ఆ కోపం ఇన్నాళ్ళూ మర్యాదగా రాశాను, ఇక రాయలేను. తిట్టిన వేలమందిలో ఎవరికీ నా పేరు తప్ప నేను తెలియదు. నీకు తెలుసు. తొమ్మిదో తరగతిలో జ్వరమొస్తే నా ఒళ్ళో పడుకున్నావు.

ఉత్తరంలో నాలుగుసార్లు క్షమించమన్నావు. అది వెంకటకృష్ణారావు గారికి చూపించి లాభం లేదు. నవంబరు 11 పది గంటలకి బందరు రా. ఆయన ముందు కూర్చుని చెప్పు. మీ నాన్నకిచ్చిన మాట ప్రకారం నేనుగా నీ పేరు ఎత్తను.

ఫక్రున్నీసా


గవర్నర్‌పేట,
నవంబరు 5.

టీచర్ గారూ,

తేజేశ్వర్‌కి చెప్పాను, వెళ్ళి సాక్ష్యం చెబుతానని. కోప్పడలేదు. "వెళ్ళు, చెప్పు. సాయంత్రానికి నీ మీద ఒకటి చేయాల్సి వస్తుంది. ఎవరో ఒకరు చేయాలిగా. వాక్యాలు నువ్వే రాసిపెట్టి వెళ్తావా?" అన్నాడు. వేళాకోళం అనుకుని నవ్వాను. అతను నవ్వలేదు.

భయంగా ఉందండీ. సాక్ష్యం కంటే, నాన్న అక్కడ ఉంటాడని భయం. ఆయనకి తెలుసని మీరు రాశాక ఇంటికి ఫోన్ చేయలేదు. ఆయనా చేయలేదు.

వస్తానో రానో ఇందులో రాయలేకపోతున్నాను.

మాధురి


అద్దకాలపాలెం,
నవంబరు 13.

టీచర్ గారికి,

మిమ్మల్ని వరండాలో కూర్చోబెట్టారు కాబట్టి లోపల జరిగింది మీకు తెలియదు. బయటికొచ్చాక మీకెదురుపడే ధైర్యం లేక పక్క మెట్ల మీంచి వెళ్ళిపోయాను. అందుకని రాస్తున్నాను.

నేనే రాశానని వెంకటకృష్ణారావు గారికి చెప్పాను. రుజువేమిటన్నారు. ఫైళ్ళు అదే రోజు చెరిపేస్తామని చెప్పాను. ఆ ముప్ఫై ఖాతాలూ ఇప్పుడు లేవని చెప్పాను. కంపెనీకి ఫోన్ చేయించారు. అలాంటి అమ్మాయెవరూ మా దగ్గర పనిచేయలేదన్నారట. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, "మూడు లక్షల మందిలో మొదటివాళ్ళెవరో తేల్చడం నా పరిధిలోకి రాదమ్మా. మీరు పెద్ద మనసుతో తప్పు మీదేసుకుంటున్నారేమో కూడా నాకు తెలియదు," అన్నారు. నేను చేసిన పని నేనే చేశానని నమ్మించలేకపోయానండీ.

తర్వాత నాన్ననీ మిగతా నలుగురినీ లోపలికి పిలిచారు. చేతులు బల్ల మీద పెట్టమన్నారు. యాభై వేళ్ళు. ఆయన తన రుమాలు తడిపి నాన్న వేలు రుద్దారు. రుమాలు తెల్లగానే ఉంది. అప్పుడు నా వైపు తిరిగారు.

"వీడియో మొదటిసారి చూసినప్పుడు ఆ నలుపు ఏమనుకున్నావమ్మా?"

"మా నాన్న చేతులండీ."

"అనుకున్నావా, తెలుసా?"

"తెలుసండీ."

టైపిస్టుకి వినబడలేదు, గట్టిగా చెప్పమన్నారు. మళ్ళీ చెప్పాను. ఏది తెలుసో పూర్తిగా చెప్పమన్నారు. "అవి మా నాన్న చేతులని, అది సిరా కాదు రంగని, టీచర్ ఏ తప్పూ చేయలేదని తెలుసండీ. తెలిసే రాశాను," అన్నాను. నాన్న చేతులు బల్ల మీద నుంచి తీయలేదు, తీయమనలేదు కాబట్టి. ఫ్యాను వంక చూస్తున్నాడు. సంతకం పెట్టేటప్పుడు నాకు అక్షరాలు కనబడలేదు.

బస్సులో నా పక్కనే కూర్చున్నాడు. పెడనలో దిగే ముందు, "పొద్దున ఏమన్నా తిన్నావా?" అన్నాడు. లేదన్నాను. అంతే. తిట్టినా బాగుండేది.

ఉద్యోగం పోయింది. నేను మానేశాను, వాళ్ళు తీసేశారు, రెండూ ఒకే రోజు కాబట్టి ఏది ముందో తెలియదు. నా మీద కూడా ఒకటి వచ్చింది. వాక్యాలు బాగా లేవు.

మీరు నన్ను క్షమించారాండీ?

మాధురి


ఉయ్యూరు,
డిసెంబరు 3.

మాధురికి,

నువ్వు పక్క మెట్ల మీంచి వెళ్ళిపోవడం చూశాను. పిలవలేదు.

ఆ తర్వాత జరిగింది నువ్వు చూడలేదు. వెంకటకృష్ణారావు గారికి రుమాలు పరీక్ష చాల్లేదు. మీ నాన్నని ఆపలేదు గానీ, మిగతా నలుగురినీ ఆఫీసు వెనక కుళాయి దగ్గరికి తీసుకెళ్ళి, సబ్బు తెప్పించి, దగ్గరుండి కడిగించాడు. "బాగా రుద్దండి" అన్నాడు, నేనన్న మాటే. మెట్ల మీద ఎవరిదో ఫోన్ పైకి లేచి ఉంది. చెబుదామనుకునే లోపే అయిపోయింది. సాయంత్రం అమలమ్మ గోడ మీంచి, "ఇయ్యాల కొత్తాయన వచ్చాడండీ, కళ్ళజోడు పెట్టుకున్నాడు, నలభై వేలు దాటాడు," అంది. మర్నాడు ఆయన ఆఫీసుకి రాలేదు. ఫోన్ కట్టేసి ఉందట. పద్నాలుగో తారీఖున రిపోర్టు రాసి సంతకం పెట్టాడు. పనివాళ్ళ వేళ్ళ మీద ఉన్నది వృత్తిరీత్యా వచ్చిన రంగు, కడిగించడంలో దురుద్దేశం కనబడలేదు అని. నీ వాంగ్మూలం నుంచి మూడు వాక్యాలు ఎత్తి రాశాడు. అవి లేకపోతే రిపోర్టు నిలబడేది కాదని డయానా అంది. నేనూ అదే అనుకుంటున్నాను. అది నీకు చెప్పకపోతే తప్పవుతుంది.

ఆర్డరు ఇరవై ఏడున వచ్చింది. ఇరవై ఎనిమిది నుంచి మూడు రోజులు బడికి వెళ్ళాను. మొదటి రోజే ఆరో తరగతి పిల్ల ఒకతి లేచి, "టీచర్, ఆ వేళ్ళ టీచర్ మీరేనా?" అంది. నేనే అన్నాను. నదుల పాఠం మొదలుపెట్టాను, ముప్ఫయ్యో తారీఖుకి ముగించాను. దండ వేశారు, ఫొటో తీశారు. దాని కింద ఏమీ రాయొద్దని చెప్పాను.

నువ్వు నీ పేరుతో పెట్టింది అమలమ్మ చూపించింది. టీచర్ ఏ తప్పూ చేయలేదు, ఆ అబద్ధం నేను రాశాను అని. ముప్ఫై ఎనిమిది మంది చూశారు. అందులో ఆరుసార్లు అమలమ్మే.

మా అమ్మాయి తబస్సుంకి మొన్న ఆదివారం ఆడపిల్ల పుట్టింది. నా పేరే పెడతానంది. వద్దన్నాను. ఎందుకు వద్దంటున్నానో దానికి తెలుసు, అందుకే పెట్టింది. పదేళ్ళకో పన్నెండేళ్ళకో ఆ పిల్ల తన పేరు తనే ఫోన్లో కొట్టి చూసుకుంటుంది. పిల్లలందరూ చేసేదే. అప్పుడు పంపు దగ్గర సబ్బు పట్టుకుని నేను కనబడతాను. వెంకటకృష్ణారావు గారి రిపోర్టు కనబడదు. అది బందరులో బీరువాలో ఉంటుంది. అప్పటికి నేను ఉంటానో ఉండనో. నువ్వుంటావు.

క్షమించారా అని అడిగావు. లేదు. ఆ పిల్ల అడిగిన రోజు నువ్వు ఏ ఊళ్ళో ఉన్నా వచ్చి, దాని ఎదురుగా కూర్చుని, బందరులో చెప్పినట్టు పూర్తిగా చెప్పు. అంతవరకు నీ అడ్రసు మారినప్పుడల్లా ఒక కార్డు రాస్తూ ఉండు. నా తర్వాత తబస్సుం పేరున రాయి. తను దాస్తుంది, చెప్పాను.

ఫక్రున్నీసా